ఈశాన్యం బిట్టు

మురళీకృష్ణకు మనుషులతో పడదన్న మాట మన్సూరాబాద్‌లోని ఆ కాలనీలో పుట్టింది కాదు. రేపల్లె హైస్కూల్లోనే పుట్టింది. బోర్డు మీద లెక్క తప్పుచేసిన మేష్టారిని, ఇన్‌స్పెక్టరు ఎదురుగానే, తప్పని నిలబెట్టిన ఘనుడు. అప్పటినుంచి అదే పని చేస్తూ వచ్చాడు. బోర్డులు మారాయి, అంతే.

ఎమ్మెస్సీ ఫిజిక్స్ అయ్యాక హైదరాబాదు వచ్చి పరిశోధనలో చేరాడు. ఇసుక కుప్పల మీద అతని పని. గింజలు ఒక్కొక్కటిగా వేస్తూ పోతే కుప్ప ఎప్పుడు జారుతుంది, జారితే ఎంత జారుతుంది అన్నది ప్రశ్న. అసలు ఇసుక కాదు. కంప్యూటర్లో గళ్ళ కాగితం లాంటి పలక ఒకటి. ప్రతి గడికీ ఒక ఎత్తు. గడికి తెలిసిందల్లా తన ఎత్తు, చుట్టూ ఉన్న నాలుగు గళ్ళ ఎత్తు. నాకంటే పక్కది బాగా పల్లంగా ఉంటే అటు జారతాను అన్నంత మట్టుకే దాని బుద్ధి. కుప్ప సంగతి ఏ గడికీ తెలియదు. అయినా ఆ తెలియని గళ్ళే కలిసి కుప్పకు ఒక తీరును తెస్తాయి, ఒక్కోసారి కుప్పనంతా కూలదోస్తాయి. ఇది మురళీకృష్ణకు బాగా నచ్చిన విషయం. మనుషుల గురించి తాను మొదటినుంచీ అనుకుంటున్నది లెక్కలో రుజువైనట్టు అనిపించేది.

నాలుగో ఏడు సెమినార్లో లేచి, గైడు అచ్చువేసిన పేపర్లో తప్పుందన్నాడు. తప్పు ఉంది కూడా. డాక్టరేటు మాత్రం రాలేదు.

అలా దిల్‌సుఖ్‌నగర్‌లో తేలాడు. గాజుల దుకాణం పైన మూడో అంతస్తులో, కిటికీలు లేని గదిలో, ఎంట్రన్సు పరీక్షల పిల్లలకు ఇరవై రెండేళ్ళుగా ఫిజిక్స్ చెబుతున్నాడు. బాగా చెబుతాడని పేరు, నోరు మంచిది కాదని అంతకంటే పెద్ద పేరు.

ఇల్లు కట్టుకున్నది మన్సూరాబాద్‌లో, మహిపాల్ దగ్గర కొన్న స్థలంలో. ఆ భూములు మహిపాల్ తండ్రి జొన్నలు పండించినవి. కొడుకు వాటిని లేఔటు చేసి ముక్కలుగా అమ్మి, ఎల్బీనగర్ రింగురోడ్డు మీద ఆఫీసు తెరిచాడు. క్లాసులో వాస్తును వెక్కిరించే మురళీకృష్ణ స్థలం దగ్గరికి వచ్చేసరికి ఈశాన్యం బిట్టే కావాలని పట్టుబట్టాడు. అది అప్పటికే ఇంకొకరికి మాట ఇచ్చింది. వాదించి, దెబ్బలాడి, ఆ మాట రద్దు చేయించి మరీ తీసుకున్నాడు. నమ్మకం ఉండి కాదు, మళ్ళీ అమ్మాలంటే పనికొస్తుందని. ఈ సంగతి మహిపాల్ మరిచిపోలేదు.

వీధి ఒక కొసన మురళీకృష్ణ ఇల్లు, అది ఈశాన్యం. రెండో కొసన, నైరుతిలో నాలా. మధ్యలో వరుసగా పద్దెనిమిది ఇళ్ళు. వీధికి అవతల మహిపాల్ అమ్మకుండా ఉంచుకున్న పెద్ద ఖాళీ జాగా. మూడేళ్ళ కిందట దాని చుట్టూ మహిపాల్ గోడ కట్టాడు. ఆ ఏటినుంచే వానాకాలంలో మురళీకృష్ణ ఇంట్లోకి నీళ్ళు రావడం మొదలైంది.

మొదటి ఏడు గుమ్మం దాకా వచ్చాయి. రెండో ఏడు మంచం కోళ్ళు మునిగాయి. నిరుడు మురుగునీరు సంపులో కలిసి భార్య సూర్యప్రభకు టైఫాయిడ్ వచ్చింది. చంపాపేటలోని ఇన్సూరెన్సు ఆఫీసుకు నెల్లాళ్ళు సెలవుపెట్టి, లేచి తిరగడం మొదలుపెట్టిన రోజున ఆమె మొగుడితో ఒకే మాట అంది.

"ఇంకొక్కసారి ఇంట్లోకి నీళ్ళొస్తే నేను మా చెల్లెలి దగ్గరికి పోతాను. తిరిగి రాను. మీరు ఇక్కడే ఉండి అందరినీ తిట్టుకోండి."

సూర్యప్రభ బెదిరింపులు చేసే మనిషి కాదు. ఇరవై ఆరేళ్ళ కాపురంలో ఆమె పోతానని అనడం అదే మొదలు. మర్నాడు మురళీకృష్ణ పాత గళ్ళ పలకను బయటికి తీశాడు.

ఈసారి ఇసుక బదులు నీళ్ళు. లేఔటు వేసిన నాటి సర్వే కాగితం సంపాదించి, వీధిని అడుగుకొక గడిగా విడగొట్టి, ప్రతి గడికీ ఎత్తు ఇచ్చాడు. పైనుంచి వాన కురిపించాడు. గోడ లేనప్పుడు నీళ్ళు మహిపాల్ జాగా మీదుగా నైరుతికి దిగి నాలాలో పడ్డాయి. గోడ పెట్టగానే వెనక్కి తన్ని మురళీకృష్ణ ఇంట్లోకి వచ్చాయి. రంగుల బొమ్మలతో మున్సిపల్ ఆఫీసులో ఫిర్యాదు పెట్టాడు. గోడకు అనుమతి ఎటూ లేదు. సోమవారం నాటికి కూల్చాలని మే నెలాఖరున మహిపాల్‌కు నోటీసు వెళ్ళింది. మురళీకృష్ణ ఆ పూట క్లాసులో పిల్లలను ఒక్క మాటా అనలేదట. పిల్లలు భయపడ్డారు.

నోటీసు వచ్చిన రెండో రోజునే తొలకరి పడింది. పెద్ద వాన కాదు, గంటసేపు. మురళీకృష్ణ వరండాలో నిలబడి చూస్తున్నాడు. అతని బొమ్మల ప్రకారం నీళ్ళు ముందు వీధి మధ్యలో, గోడ వెంట నిలవాలి. అక్కడ నిండాకే ఇటు తిరగాలి. వీధి మధ్య చుక్క నిలవలేదు. నీళ్ళు నేరుగా, ఏదో పని ఉన్నట్టు, తన ఇంటివైపే నడిచి వచ్చాయి.

సగటు మనిషైతే ఎలాగో గోడ పోతుంది కదా అని ఊరుకునేవాడు. ఇతను గొడుగు వేసుకుని వీధిలోకి దిగాడు. ఇంటింటి ముందూ ఆగి చూశాడు. ప్రతి ఇంటి తూము ఈశాన్యం మూలనే ఉంది. ప్రతి ప్రహరీ లోపలా నైరుతి ఎత్తు, ఈశాన్యం పల్లం. అంతేకాదు, నైరుతి పక్కన ఎవరికి వారు వీధిలోకి కట్టలా చొచ్చుకొచ్చే ర్యాంపు పోసుకున్నారు; ఈశాన్యం పక్కన నేల చెక్కి గుంట చేశారు. వీధి నేల నాలా వైపే వాలినా, అటు పోదామంటే నీళ్ళకు ఇంటికొక కట్ట అడ్డం. గుంటలో నిండిన నీరు వెనక్కే, ఈశాన్యం వైపుకే పొర్లి పక్కింటి గుంటలో పడుతుంది. అక్కడినుంచి ఆ పక్కది. పద్దెనిమిది ఇళ్ళవారూ తమ నీళ్ళను శాస్త్రప్రకారం ఈశాన్యానికి పంపుతున్నారు. అందరికీ ఈశాన్యం మురళీకృష్ణ.

సర్వే కాగితం ఖాళీ నేలను కొలిచింది. ఆ నేల మీద మనుషులు ఇళ్ళు కట్టుకున్నాక ఏం చేస్తారో కొలవలేదు. తన ఇంటికి మట్టి కొట్టించేటప్పుడు తానే దగ్గర నిలబడి, "ఈశాన్యం ఇంకో రెండంగుళాలు దించవయ్యా," అన్నది అతనికి గుర్తుంది.

పలకలో ఒక్క నియమం కొత్తగా చేర్చాడు: ప్రతి స్థలానికీ నైరుతి ఎత్తు, ఈశాన్యం పల్లం. వాన కురిపించాడు. మూడేళ్ళ వరదలూ ఏ ఇంటి ముందు ఎంత నిలిచాయో అలాగే నిలిచాయి. అప్పుడు గోడ తీసి చూశాడు. మహిపాల్ కూడా మనిషే; గోడ కట్టినప్పుడే జాగానంతా మట్టితో నింపి, వాస్తు ప్రకారం ఈశాన్యం దించి ఉంచాడు. వీధి నీళ్ళకు అటుగా ఉన్న పాత దారి అప్పుడే పూడిపోయింది. ఆ జాగాలో పడిన వానంతా ఆ మూలకే చేరి, గోడ ఉంది కాబట్టి లోపల నిలిచి ఇంకుతోంది. గోడ తీస్తే అదీ మురళీకృష్ణ ఇంట్లోకే. పలకలో నీళ్ళు కిటికీ దాకా వచ్చాయి.

"ఏమైంది, అలా అయిపోయారు?" అంది సూర్యప్రభ.

"గోడ ఉండాలి."

"మూడేళ్ళు ఆ గోడ మీద మీరు తిట్టిన తిట్లు నేను విన్నాను. మహిపాల్ కూడా విన్నాడు."

ఆదివారం కాలనీ సంఘం సమావేశంలో మురళీకృష్ణ తెర మీద బొమ్మలు వేసి అంతా వివరించాడు. ఒకరిద్దరు తిప్పుకుంటే చాలదని, వీధి పొడుగునా ర్యాంపులు తీసి, తూములు నైరుతికి మార్చుకుంటే నీళ్ళు నాలాలోకి పోతాయని, ఎవరింట్లోకీ రావని చెప్పాడు. బాగానే చెప్పాడు. పక్కింటి చక్రపాణి మొదట లేచాడు. విద్యుత్తు శాఖలో పనిచేసి రిటైరైన భీమవరం మనిషి, పంచాంగం చూడనిదే చెప్పులో కాలు పెట్టడు.

"ఈశాన్యం లేపితే ఇంటి యజమానికి గండం అంటారు. రేపు మా ఇంట్లో ఏదైనా అయితే ఈయన బాధ్యత తీసుకుంటారా? రాసివ్వమనండి."

"మీ ఇంట్లో మీకు మీరే గండం," అన్నాడు మురళీకృష్ణ.

ఆ పక్కింటి కమలాకర్‌కు టైల్స్ షాపు ఉంది. అతను కుర్చీలో వెనక్కి వాలి, "సార్, నీళ్ళొచ్చేది నీ ఇంట్లకు. మాకు రావట్లే. మేమెందుకు తవ్వుకోవాలె?" అని అడిగాడు. అది న్యాయమైన ప్రశ్నే. అందుకే మురళీకృష్ణకు ఒళ్ళు మండింది. మీరంతా గళ్ళు, చుట్టూ నాలుగు మూరలు తప్ప కనిపించని గళ్ళు అన్నాడు. గళ్ళంటే ఏమిటో ఎవరికీ తెలియకపోయినా తిట్టని తెలిసింది. టీ రాకముందే అందరూ లేచిపోయారు.

ఇక మిగిలింది మహిపాల్. సాయంత్రం ఎల్బీనగర్‌లో అతని ఆఫీసుకు వెళ్ళాడు. గోడల నిండా వెంచర్ల మ్యాపులు, బల్ల మీద మిరపకాయ బజ్జీలు. మహిపాల్ లేవలేదు.

"రాండ్రి సార్. గోడ కూలేది రేపు గదా. గియ్యాల్నే మొక్కనీకి వొచ్చిన్రా?"

"గోడ కూల్చొద్దు. ఫిర్యాదు వాపసు తీసుకుంటాను. నువ్వు పర్మిషనుకు పెట్టుకో."

మహిపాల్ నములుతున్నది ఆపాడు. "మల్లొకసారి జెప్పు."

మురళీకృష్ణ కాగితం మీద గీసి చెప్పాడు. మహిపాల్ కాగితం చూడలేదు, మనిషినే చూశాడు.

"అంటే నోటీసు ఇప్పిచ్చింది నువ్వు, ఒద్దనేది నువ్వు. నడుమ మేమేంది, నీ తాన కోచింగ్‌కు వొచ్చే పోరగాండ్లమా? గోడ జూపిచ్చి నలుగుట్ల నన్ను దొంగ అన్నవ్. మా అమ్మ ఇన్నది. ఇప్పుడు గా గోడనే నిన్ను కాపాడుతదంటే నేనెందుకు ఉంచాలె? నాకు రెండు జేసీబీలున్నయ్. ఆఫీసోళ్ళు వొచ్చేదాంక ఎందుకు, పొద్దుగాల్నే నేనే కూలగొడ్త."

"కూలిస్తే నా ఇల్లు మునుగుతుంది."

"మునగనీ."

"నా భార్య..." అని మురళీకృష్ణ ఆగిపోయాడు. ఆ వాక్యాన్ని ఈ మనిషి ముందు పూర్తిచేయలేకపోయాడు.

మహిపాల్ బజ్జీల పళ్ళెం పక్కకు జరిపాడు. "సరే. గిది జెప్పు. తప్పు గోడది గాదు, వాస్తుది అంటున్నవ్. గా ఈశాన్యం బిట్టు కోసం ఇదే కుర్సీల కూసోని నాతోని కొట్లాడింది ఎవలు?"

"నేనే."

"నేను ఇంకొకాయనకు ఇచ్చిన మాట తప్పిచ్చింది?"

"నేనే."

"మంచిది. అయితే నీ ఇంటి ఈశాన్యం లేపు. నైరుతి తవ్వు. రేపు పొద్దుగాల, అందరు సూస్తుండంగ. మట్టి నేనే పంపిస్త, ట్రాక్టర్ల. గట్ల జేస్తే నువ్వు జెప్పేది నువ్వన్న నమ్ముతున్నవని నాకు తెలుస్తది. గోడ ఉంటది. లేకుంటే లేదు."

అతను కోరింది న్యాయం కాదు, తమాషా. మురళీకృష్ణకు అది తెలుసు. సరేనని లేచాడు.

ఇంటికి వచ్చి చెబితే సూర్యప్రభ, "చేయించండి. మా అమ్మకు మాత్రం చెప్పొద్దు," అంది.

పొద్దున్నే మట్టి వచ్చింది. మేస్త్రీ లచ్చయ్య ఆవరణంతా ఒక చుట్టు తిరిగి తల గోక్కున్నాడు. "సార్, నైరుతి తవ్వమంటే తవ్వుత. ఈశాన్యంల మొదటి తట్ట మాత్రం నేను పొయ్య. నాకు పిల్లలున్నరు."

మురళీకృష్ణ పంట్లాం పైకి మడిచి తట్ట ఎత్తాడు. పద్ధతి తెలియక సగం మట్టి తన కాళ్ళ మీదే పోసుకున్నాడు. మహిపాల్ గోడ పక్కన కారు ఆపుకుని, బానెట్ మీద కూర్చుని, మొదలు నుంచి చివరిదాకా చూశాడు. వీధిలో జనం గేట్ల దగ్గర నిలబడ్డారు. చక్రపాణి మేడ మీదినుంచి, ఎవరితోనో ఫోన్లో మాట్లాడుతున్నట్టు, పెద్దగా అన్నాడు: "ఆఁ, అవునండీ, మా పక్కింట్లోనే. చదువు ఎక్కువైతే ఇంతే."

మధ్యాహ్నానికి పని అయింది. నైరుతి ర్యాంపు తీసేశారు. ఈశాన్యం మూల మూరెడు లేచింది, తూము మూసుకుపోయింది. మహిపాల్ కారు దిగి వచ్చి మూలను బూటుతో ఒకసారి తొక్కి చూశాడు. "గట్టిగనే కొట్టిన్రు," అని వెళ్ళిపోయాడు. గోడ జోలికి పోలేదు. ఆ సాయంత్రమే మురళీకృష్ణ ఫిర్యాదు వాపసు తీసుకున్నాడు. పై వాటాలో ఉన్న కిరాయిదారు మాత్రం నెలాఖరుకు ఖాళీ చేస్తానని చెప్పాడు. కారణం అడిగితే, మా ఆవిడకు పడటం లేదండీ అన్నాడు.

గురువారం అసలైన వాన పడింది. మధ్యాహ్నం మొదలై చీకటి పడేదాకా కురిసింది. సూర్యప్రభ ఆఫీసు నుంచి తొందరగా వచ్చి, చెప్పులు విప్పకుండా వరండాలోనే నిలబడింది. లోపల బ్యాగు సర్ది ఉంది. మురళీకృష్ణ చూశాడు గాని అడగలేదు. నీళ్ళు ఎప్పటిలాగే ఇటే నడిచి వచ్చాయి. గేటు ముందు లేచిన మట్టిని తాకాయి. అక్కడే ఆగి, వెనక్కి తిరిగి, చక్రపాణి గుంటలో చేరాయి. గుంట నిండింది. ఇంకాసేపటికి చక్రపాణి ఇంట్లోంచి సామాన్లు జరుపుతున్న చప్పుడు వినిపించింది.

సూర్యప్రభ చెప్పులు విప్పి లోపలికి వెళ్ళి స్టవ్వు వెలిగించింది.

వాన తగ్గుతుండగా చక్రపాణి వచ్చాడు. పంచె మోకాళ్ళ దాకా తడిసింది.

"మనిషివేనా నువ్వు? మా హాల్లోకి అడుగు ఎత్తు నీళ్ళొచ్చాయి. ముప్ఫై ఏళ్ళనాటి టేకు బీరువా."

మురళీకృష్ణ నోరు తెరిచాడు. నీళ్ళు మీవేనండీ, అందరివీ, ముందే చెప్పాను కదా అనబోయాడు. బొమ్మ కూడా పక్క గదిలోనే ఉంది.

"నీ నీళ్ళు నామీదికి తోస్తే నోరు మూసుకుని కూర్చుంటాననుకున్నావా?" చక్రపాణి గేటు పట్టుకుని ఊపాడు. "రేపే నేనూ ఈశాన్యం లేపిస్తాను. శాంతి చేయించుకుంటాను, అది నా తంటా. నైరుతి తవ్వించి ఆ కమలాకర్ ఇంటిమీదికి వదులుతాను."

"కమలాకర్ ఊరుకుంటాడా?"

"ఊరుకోకపోతే వాడూ లేపుకుంటాడు. నాకేం?"

మురళీకృష్ణ తెరిచిన నోరు మూసుకున్నాడు. తన పలకలో ఎన్నో నియమాలు రాసి చూశాడు. అందరూ ఒకేసారి ఒప్పుకోవడం, సగంమంది ఒప్పుకోవడం, సంఘం తీర్మానం చేయడం. ఏదీ ముందుకు సాగలేదు. ఈ నియమం అతనికి తట్టలేదు. పక్కవాడు నామీదికి తోస్తే నేను ఆ పక్కవాడిమీదికి తోస్తాను. ఈశాన్యం కొస నుంచి మొదలైతే అది ఒక్కో ఇల్లూ దాటుకుంటూ పోయి, తోయడానికి ఇంకెవరూ లేనిచోట నాలా దగ్గర ఆగుతుంది.

మీరు చేయబోయేది సరైన పనే అని ఒక్క మాటంటే ఈయన మానేస్తాడు. కృతజ్ఞత కనిపించినా మానేస్తాడు.

"మీవల్ల కాదులెండి," అన్నాడు మురళీకృష్ణ. "తిథి, వారం, రాహుకాలం చూసుకునేసరికి వానాకాలం వెళ్ళిపోతుంది. వెళ్ళి బీరువా తుడుచుకోండి."

చక్రపాణి ముఖం ఎర్రబడింది. రేపు శుక్రవారమైనా సరే, అష్టమి అయినా సరే అన్నాడు. అంతకంటే పెద్ద మాటలు కూడా అన్నాడు. మురళీకృష్ణ ఒక్కొక్క దానికీ జవాబిస్తూ, వేడి తగ్గకుండా చూసుకున్నాడు.

"ఎందుకు అంత గొడవ?" అంది లోపలినుంచి సూర్యప్రభ. "పాపం, ఆయన ఇల్లు మునిగింది."

"నువ్వు మధ్యలో రాకు."

శుక్రవారం పొద్దున లచ్చయ్య చక్రపాణి ఆవరణలో నైరుతి తవ్వుతున్నాడు. మొదటి తట్ట చక్రపాణే పోశాడు, మురళీకృష్ణ వైపు చూస్తూ. గడ్డపార చప్పుడుకు కమలాకర్ షాపుకు పోబోతూ స్కూటర్ ఆపాడు. చక్రపాణి ర్యాంపు ఉండాల్సినచోట తెరుచుకున్న దారిని చూశాడు, దాని ఎదురుగా తన ఇంటి గుంటను చూశాడు. స్టాండ్ వేసి మురళీకృష్ణ గేటు దాకా నడిచి వచ్చాడు.

"సార్, జర గిది జెప్పు. మల్ల వానొస్తే గీ నీళ్ళు ఎటు పోతయ్?"

"మీ ఇంట్లోకి," అని మురళీకృష్ణ గేటు వేసుకున్నాడు.